మగ్గం వెనక స్టెబిలైజరు

చెన్నమ్మ పదకొండో దారపు కండె చుడుతూ ఉంది. ధర్మవరంలో ఆ వీధికి తెల్లవారేది కోడి కూతతో కాదు, రాట్నం చప్పుడుతోనే. ఆమె కోడలు త్రివేణి అప్పటికే వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, కొంగు నడుముకు దోపుకుని గడప దగ్గర నిలబడింది. ఇంట్లో పని చెయ్యని వస్తువులన్నింటినీ ఈ పూట ఒకచోట చేర్చాలని ఆమె ఆలోచన.

ముందురోజు సాయంత్రం ఒక ఆటో మైకు పెట్టుకుని వీధంతా తిరిగింది. పాడైన ఫోన్లు, టీవీలు, మిక్సీలు, వైర్లు ఏవి ఉన్నా రేపు ఒక్కరోజు మార్కెట్ యార్డు దగ్గర తీసుకుంటామని చెప్పింది. వాటిని చెత్తకుప్పలో వేస్తే నేలకూ నీళ్ళకూ చేటట. తమకు ఇస్తే లోపలి రాగి, అల్యూమినియం బయటికి తీసి మళ్ళీ కొత్త వస్తువులు చేస్తారట. త్రివేణికి ఆ మాట బాగా నచ్చింది. ఆమె నాయనకు సోమందేపల్లెలో బోరు మోటార్లు చుట్టే అంగడి ఉంది. కాలిపోయిన మోటార్లలోంచి రాగి తీగ విప్పడం చూస్తూ పెరిగిన పిల్ల. పాడైన యంత్రం మూల పడి ఉంటే, వండిన అన్నం పారబోసినట్టు ఉంటుంది ఆమెకు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చి మూడు నెలలే. పాత ఫ్రిజ్జు చల్లబరచడం మానేసి చాలా కాలమైనా దాని జోలికి పోలేదు. అందులో అత్త జరీ, పట్టు దాచుకుంటుంది. ఎలుకలు దూరవు. రెండు బటన్ల ఫోన్లు, చుట్టలు చుట్టిన చార్జర్లు, గొంతు పోయిన రేడియో, మోటారు కాలిన మిక్సీ దొరికాయి. ఇక మగ్గం వెనక్కి వెళ్ళి చూసింది. అక్కడ ఊడ్చే పని ఎప్పుడూ అత్తదే కాబట్టి, త్రివేణి ఆ మూలను చూడడం అదే మొదలు. నేల మీద తుప్పుపట్టిన స్టెబిలైజరు ఒకటి కూర్చుని ఉంది. దానికి ఒక తాడు వదులుగా కట్టి ఉంది. వాళ్ళ నాయన అంగడిలో చెదలు పట్టకుండా సామాన్లన్నీ తాళ్ళతో దూలాలకు వేలాడదీస్తారు. ఇది కూడా అలా కట్టిందే, తాడు జారి కిందికి వచ్చి ఉంటుందనుకుంది. ముడి విప్పింది.

నేత ఇంట్లో పుట్టిన వాళ్ళెవరూ ఆ ముడి విప్పరు. అంచు పడుగును, అంటే చీర అంచు వెంబడి నిలువుగా సాగే దారాలను, వెనక నుంచి లాగి పట్టడానికి బరువు కడతారు. దారాలు రాత్రంతా బిగుసుకుని ఉండకూడదని, పని ముగిశాక పడుగును సడలించి ఆ బరువును నేల మీదికి దించుతారు. పొద్దున మళ్ళీ ఎత్తుతారు. స్టెబిలైజరు అక్కడ విశ్రాంతి తీసుకుంటోంది, అంతే.

పోయే ముందు త్రివేణి అత్తను అడిగింది కూడా, పాత సామాను ఇచ్చేసి వస్తానని. చెన్నమ్మకు మిక్సీ గుర్తొచ్చి, పొమ్మని తల ఊపింది. యార్డు రెండు వీధుల అవతలే. త్రివేణి పోయి వచ్చేసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో వాళ్ళు ఇచ్చిన కరివేపాకు మొక్క ఉంది.

త్రివేణి మొగుడు ఓబులేసు టీ తాగి, గడ్డం గీయించుకుని తొమ్మిదిన్నరకు వచ్చాడు. ఆ రోజు అతనికి ముఖ్యమైన రోజు. మగ్గం మీద ఉన్న చీరకు ఇంకా మూరెడు నేత మిగిలింది. సాయంత్రానికల్లా దాన్ని దించాలి. పట్టూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు కొండప్ప, ఈ చీర చూశాకే తన కొత్త డిజైను ఎవరి మగ్గానికి ఎక్కించాలో తేల్చుకుంటానన్నాడు. ఓబులేసు ఆ డిజైను కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. ఇన్నాళ్ళూ నేసినవన్నీ చిన్న బుటాల చీరలు. కొత్తదాంట్లో కొంగు నిండా హంసలు ఉన్నాయని విన్నాడు.

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని తొక్కుడుబద్ద తొక్కాడు. నడిమి పడుగు బిగుసుకుంది. అంచు దారాలు మాత్రం ఉడికిన సేమ్యాల్లా కిందికి జారాయి. లేచి వెనక్కి పోయి చూశాడు. తాడు ఉంది.

"అమ్మా, ఈడ బరువు యాడికి పోయినాది?"

చెన్నమ్మ రాట్నం ఆపింది. త్రివేణి మొక్కకు నీళ్ళు పోస్తున్నది పోస్తున్నట్టే ఆగిపోయింది.

"బరువు సంగతి నాకు తెలీదు బావా. ఆడ ఒక స్టెబిలైజరు ఉండె. ఇచ్చేసి వచ్చినా."

"ఎవరికిచ్చినావు?"

"యార్డులో. ఇదిగో, మొక్క ఇచ్చినారు."

ఓబులేసు కాసేపు మొక్కను, కాసేపు తాడును చూశాడు. కోప్పడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తోచలేదు. పెరట్లోకి పోయి రుబ్బురోలు పొత్రం తెచ్చి తాడుకు కట్టాడు. పడుగు బిగుసుకుంది. తరువాత రెండు దారాలు టప్ టప్ మని తెగాయి. పొత్రాన్ని రెండు చేతులతో, పసిబిడ్డను దించినట్టు నేల మీదికి దించాడు.

చెన్నమ్మ ఆ రెండు దారాలు తాను అతుకుతానంది. పడుగు మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ ఏదో ఒక బరువు సరిపెడతానని కూడా అంది. ఓబులేసు వినలేదు. నాయన కట్టిన బరువు అది, చేతి అంచనాకు వచ్చేది కాదు అన్నాడు. నాయన పోయి ఆరేళ్ళయింది. ఆయన వదిలిన మగ్గంలో ఓబులేసు ఒక్క మేకు కూడా మార్చలేదు. మోపెడ్ తీసుకుని యార్డుకు పోయాడు.

యార్డులో షామియానా కింద గిరి అనే కుర్రవాడు కాటా, పుస్తకం, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అనంతపురం నుంచి వచ్చాడు. ఎంత మర్యాదగా మాట్లాడతాడంటే, అతనితో పోట్లాడాలని వచ్చిన వాళ్ళు కూడా మంచినీళ్ళు తాగి పోతారు. వెనక కుప్పలో టీవీల మధ్య స్టెబిలైజరు కనిపిస్తూనే ఉంది. ఓబులేసు చెప్పిందంతా విని గిరి నిజంగానే బాధపడ్డాడు. తీసుకున్న ప్రతి వస్తువునూ తూచి, ఫోటో తీసి, ఆ లెక్క పైవాళ్ళకు పంపించేశానన్నాడు. లారీ ఐదింటికి బయలుదేరుతుందట. ఇంకో ఊళ్ళో ఎవరో కుప్పలోంచి రాగి పీక్కుపోయారట. అప్పటి నుంచి రాసిన బరువుకు ఒక్క కిలో తగ్గినా గిరి జవాబు చెప్పుకోవాలట.

"అన్నా, దాన్ని ఇంకోసారి తూచి ఎంతుందో చెప్తా. అంత బరువు రాయి చూసి కట్టుకో."

"రాయికేం తెలుస్తాదప్పా? పన్నెండేండ్లుగా ఆ పడుగుకు ఇదే అలవాటు."

 గిరి మధ్యే మార్గం ఒకటి చెప్పాడు. స్టెబిలైజరుకు తక్కువ కాని బరువుండే పాడైన వస్తువు ఇంకేదైనా తెచ్చి పెడితే, దీన్ని తీసుకుపోవచ్చు.

ఓబులేసు ఇంట్లో ఇక పాడైనది ఏదీ లేదు. పక్కింటి ఆదెన్న దగ్గరికి పోయాడు. ఆదెన్న చేనేత సంఘం ఆఫీసులో అటెండరు. అతని కొడుక్కి ఒకసారి లక్కీ డ్రాలో మైక్రోవేవ్ ఓవెన్ వచ్చింది. రెండు నెలలు పాలు కాచుకున్నారు. తరువాత కరెంటు ఎక్కువై కాలిపోయింది. అప్పటి నుంచి పెరట్లో గోడవార ఉంది. ఓబులేసు అడగడమే ఆలస్యం, ఆదెన్న దాని తలుపు నెట్టి, సంతోషంగా ఎత్తి మోపెడ్ మీద పెట్టి కట్టాడు. భార్య రేషనుకు పోయింది. ఆమె వచ్చి చూసేసరికి పెరడు శుభ్రంగా ఉంటుందని మురిసిపోయాడు.

గిరి ఓవెన్‌ను కాటా మీద పెట్టాడు. పదకొండు కిలోలు వచ్చింది. ఫోటో తీయడానికి తలుపు తెరిచాడు. లోపల ఎండుగడ్డి, గడ్డి మీద తొమ్మిది గుడ్లు.

"ఇవి మేము తీసుకునే రకం కాదన్నా," అన్నాడు గిరి, చాలా జాగ్రత్తగా.

ఓబులేసు స్టెబిలైజరును మోపెడ్‌కు కట్టడం ఆపలేదు. గుడ్ల సంగతి తరువాత చూద్దామనుకున్నాడు. ముడి పూర్తయ్యేలోపే ఆదెన్న వచ్చాడు. ఎండలో నడిచి వచ్చాడు. చంకలో కోడి ఉంది. రేషను బియ్యం దింపగానే భార్య పెరట్లోకి తొంగి చూసిందట. కోడి గుడ్ల మీద కూర్చుని పన్నెండు రోజులైంది, మేతకని అలా బయటికి పోయిన ఒక్క నిమిషంలో ఇల్లే పోయింది. ఓవెన్ తిరిగి తెచ్చేదాకా ఇంట్లోకి రావద్దంది. దారిలో గుడ్లు చల్లారిపోతాయని కోడిని కూడా వెంట పంపింది.

ఆదెన్న కోడిని ఓవెన్‌లో పెట్టాడు. అది నాలుగు వైపులా ఒకసారి చూసుకుని, సర్దుకుని కూర్చుంది. యార్డుకు వచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే చుట్టూ చేరారు. గిరికి ఇది మంచి సమయం అనిపించినట్టుంది, ఏ వస్తువూ నిజానికి చెత్త కాదని, ఒకరికి పనికిరానిది ఇంకో రూపంలో మళ్ళీ వాడుకలోకి రావాలని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"మా ఇండ్లలో అదే చేస్తాండాము కదప్పా," అన్నాడు ఆదెన్న. "ఓబులేసు దాన్ని మగ్గానికి కట్టినాడు. నా పెండ్లాం దీంట్లో కోడిని పెట్టింది. నువ్వొచ్చి మైకు పెట్టినాకే మాకు ఇబ్బంది."

గిరి మైకు పెట్టింది తాను కాదన్నాడు. అయినా లెక్క లెక్కే. ఓవెన్ పోవాలంటే స్టెబిలైజరు రావాలి, లేదా ఇంకేదైనా రావాలి. ఆదెన్న మోపెడ్ హ్యాండిల్ పట్టుకున్నాడు. ఓబులేసు స్టెబిలైజరును పట్టుకున్నాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా పక్కపక్కన ఉన్నవాళ్ళు, గట్టిగా లాక్కోలేరు, వదల్లేరు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

అప్పుడు ఆదెన్నకు సంఘం ఆఫీసులో పాత కంప్యూటరు గుర్తుకొచ్చింది. ఆఫీసు యార్డు పక్కనే. తాళం అతని మొలతాడుకే ఉంటుంది. ఆ కంప్యూటరు తొమ్మిదేళ్ళుగా వెలగలేదు. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద దుమ్ము దులపడం అతని ఉద్యోగంలో ఒక భాగం. వెళ్ళి తోపుడు బండి మీద తెచ్చేశాడు. పెద్ద పొట్ట ఉన్న పాతకాలం తెర, దాని కింది పెట్టె, రెండూ కలిపి పద్దెనిమిది కిలోలు తూగాయి. గిరి ముఖం వికసించింది. ఆదెన్న కోడితో, గుడ్లతో, ఓవెన్‌తో అదే బండి తోసుకుంటూ ఇంటికి పోయాడు.

ఓబులేసు మోపెడ్ ఎక్కబోతుండగా కొండప్ప స్కూటరు వచ్చి అడ్డంగా ఆగింది. కొండప్ప సావుకారే కాదు, ఆ సంఘానికి అధ్యక్షుడు కూడా. సంఘం కంప్యూటరు పట్టపగలు తోపుడు బండి మీద బజారులో పోయిందని ఎవరో ఫోన్ చేశారు. ఆయన కోపంగా అరిచే మనిషి కాదు. మెల్లగా మాట్లాడతాడు, అందువల్ల ఎదుటివాళ్ళు ఒక అడుగు దగ్గరికి రావాల్సి వస్తుంది. ప్రతి ఏడాదీ ఆడిటరు వచ్చి ఆ కంప్యూటరును లెక్కపెడతాడని గిరికి వివరించాడు. అది పని చెయ్యకపోయినా ఎవరూ అడగరు, కనపడకపోతే అడుగుతారు. తొమ్మిదేళ్ళుగా చచ్చిపోయి ఉన్నా ఒక్క ఏడాది కూడా హాజరు తప్పలేదు.

అంతా చెప్పాక ఓబులేసు వైపు తిరిగాడు.

"నువ్వు మగ్గం మీద ఉండాల్సిన టయములో ఈడేం చేస్తాండావు?"

ఓబులేసుకు అబద్ధం రాదు. మోపెడ్ మీద ఉన్నదాన్ని చూపించి మొదటి నుంచి చెప్పాడు. కొండప్ప స్టెబిలైజరును చూశాడు. దాని మీద వోల్టుల ముల్లు ఇంకా రెండు వందల ఇరవై దగ్గరే ఆగి ఉంది.

"నా చీరను దీని మింద నేస్తాండావా?"

"దీంతోనే నేస్తాండా అన్నా. పన్నెండేండ్ల నుంచి."

 కొండప్ప గిరితో ఒక ఒప్పందానికి వచ్చాడు. ఐదింటిలోపు స్టెబిలైజరు యార్డుకు తిరిగి రావాలి, అప్పుడు కంప్యూటరు ఆఫీసుకు పోతుంది. అంతవరకూ కంప్యూటరు ఇక్కడే ఉంటుంది. ఓబులేసు మోపెడ్ ఇంటి వైపు తిప్పుతూ లెక్క వేసుకున్నాడు. మూరెడు నేత కనీసం నాలుగైదు గంటల పని. అప్పటికి రెండున్నర. చీర పూర్తి కాదు, స్టెబిలైజరు దక్కదు, హంసల కొంగు ఇంకో వీధికి పోతుంది. కొండప్ప స్కూటరు తన వెనకే వస్తుండడం అద్దంలో కనపడింది. ఆ చీర ఏ స్థితిలో ఉందో తన కళ్ళతో చూస్తానన్నాడు.

వీధి మలుపులోనే మగ్గం చప్పుడు వినబడింది. పక్క ఇళ్ళదనుకున్నాడు ఓబులేసు. గడప దగ్గరికి వచ్చాక, ఆ చప్పుడు తన ఇంట్లోంచే వస్తోందని తెలిసింది.

గుంతలో చెన్నమ్మ కూర్చుని ఉంది. పేక దారం మోసే నాడె ఈ చేతి నుంచి ఆ చేతికి పోతోంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. మగ్గం వెనక తాడుకు ఒక గోనెసంచి వేలాడుతోంది. సంచి నిండా వేరుశనగ కాయలు. పక్కన త్రివేణి చేటతో నిలబడి ఉంది. జరిగింది ఆమే చెప్పింది. ఓబులేసు అటు పోగానే అత్త తెగిన దారాలు అతికి, అంచు పడుగు మీద అరచెయ్యి ఆనించి కూర్చుందట. త్రివేణి సంచిలో దోసెడు దోసెడు కాయలు పోస్తూ పోయిందట. ఒక చోట అత్త చాలు అందట. ఇంకో గుప్పెడు పోస్తే వద్దని తీయించిందట. రాయి అయితే గుప్పెడు తీయడానికి రాదు కదా అని త్రివేణి మెల్లగా అంది. నేత ఇంకా రెండు వేళ్ళు మాత్రమే మిగిలింది.

కొండప్ప చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. మగ్గం చుట్టూ తిరిగి చూశాడు. సంచి దగ్గర ఆగి, ఏదో ధ్యాసలో లోపలికి చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసుకుని ఒకటి ఒలిచాడు.

"తినొద్దప్పా," అంది చెన్నమ్మ నాడె ఆపకుండా. "అది బరువు."

కొండప్ప మిగిలిన మూడు కాయలూ సంచిలో వేశాడు. ఒక్కక్షణం ఆలోచించి ఒలిచిన గింజలు కూడా వేశాడు. తరువాత వంగి, నేసిన గుడ్డ మీద వేలు పెట్టి, నిన్నటి నేత నుంచి ఈనాటి నేత మీదికి అంచు వెంబడే జరుపుకుంటూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి జరిపి మళ్ళీ అక్కడికే తెచ్చాడు. ఓబులేసు కూడా వంగి చూశాడు. స్టెబిలైజరు ఇంకా అతని చంకలోనే ఉంది.

"ఓబులేసూ, నీకు ఒక మాట చెప్పాల. నీ చీరల అంచు ఎప్పుడూ కొంచెం లాగి ఉంటాది. ప్రతి చీరకూ నేను ఇస్త్రీ చేపిచ్చి పంపిస్తాండా. నీకు చెప్తే నొచ్చుకుంటావని ఊరికుండినా. ఈ మూరెడుకు ఇస్త్రీ అక్కర్లేదు."

 మగ్గానికి ఎక్కించే కొత్త డిజైను అట్టలు రేపు పంపిస్తానన్నాడు కొండప్ప. మొదటి చీర చెన్నమ్మ నేయాలని, రెండోదానికి ఓబులేసు కూర్చోవచ్చని, ఆ సంచి మాత్రం ఎవరూ కదిలించకూడదని చెప్పాడు.

ఓబులేసు అమ్మ వైపు తిరిగాడు. నాయన అంత లెక్కగా కట్టిన బరువు తప్పు ఎట్లా అవుతుందని అడిగాడు. చెన్నమ్మ మొదటిసారి నాడె ఆపింది.

"లెక్క యాడిది రా? ఆ పొద్దు బరువుకు కట్టిన రాయి జారి మీ నాయన బొటనవేలి మింద పడె. అప్పుడే ఇది కాలిపోయి ఎదురుగా ఉండె. ఈ పూటకు ఇది కట్టుకుంటా, రేపు మారుస్తాలే అన్నాడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఆయన పోయినాక నువ్వు ఆయుధ పూజ రోజు దానికి బొట్టు పెడ్తివి. బొట్టు పెట్టినాక ఏం చెప్పేది?"

ఆమె మళ్ళీ నేతలో పడింది. త్రివేణి తల వంచుకుని చేటలో కాయలు సర్దుతోంది, నవ్వు కనపడకుండా. గోడ మీద గడియారం మూడూ పది చూపిస్తోంది. కొండప్ప దాని వైపు చూశాడు, తరువాత ఓబులేసు చంక వైపు చూశాడు.

ఓబులేసు స్టెబిలైజరును ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. చెప్పులు వేసుకుని, ఇంట్లోంచి యార్డు వైపు నడిచాడు.

పొద్దున ఇదే పనికి త్రివేణికి పది నిమిషాలే పట్టింది.